ఎగరని కాగితపు విమానం: మడత మార్చే ముందు తోక చూడండి

నాలుగు రకాల మడతలు ప్రయత్నించినా విసిరిన వెంటనే ముక్కు నేలకు కొట్టుకుంటోందని, కచ్చితంగా ఎగిరే మడత ఏదైనా ఉంటే చెప్పమని అడిగారు. దయచేసి ఐదో మడత నేర్చుకోకండి. మీరు చేసిన నాలుగింటిలో మూడైనా ఎగిరేవే అయి ఉంటాయి.

నేనూ మడతల వెంట పడ్డవాణ్ణే. ఒక సెలవు రోజు మా మేనకోడలికి విమానం చేసిస్తానని కూర్చుని డజను కాగితాలు పాడుచేశాను. ప్రతిదీ రెండు గజాలు వెళ్లడం, తలకిందులుగా దిగడం. విసుగొచ్చి ఆ పిల్ల ఒకదాన్ని తోక పట్టుకుని ఊపుకుంటూ ఇల్లంతా తిరిగింది. తర్వాత ఊరికే వదిలేస్తే అదే విమానం గది ఈ చివర నుంచి ఆ చివరకు తేలుతూ వెళ్లి గోడకు తగిలింది. తీసి చూస్తే, వేళ్లు పట్టిన చోట రెక్కల వెనక అంచు పైకి వంగి ఉంది. మహా అయితే రెండు మిల్లీమీటర్లు. విప్పి చూస్తానంటే మాత్రం ససేమిరా ఇవ్వలేదు.

మడతలన్నీ ముక్కు వైపే పేరుకుంటాయి కాబట్టి కాగితపు విమానానికి బరువు ముందుకే ఉంటుంది. అలా ఉండాలి కూడా, లేకపోతే గాలిలో పల్టీలు కొట్టి ఎండుటాకులా రాలిపోతుంది. అయితే ముందుకు లాగే ఆ బరువుకు వెనక ఏదో ఒక అడ్డు కావాలి. అంచు పైకి వంగితే దాని మీదుగా వెళ్లే గాలి తోకను కిందికి నొక్కుతుంది, ముక్కు లేస్తుంది. నిజం విమానంలో ఎలివేటర్, అంటే తోక దగ్గర పైకీ కిందికీ కదిలే పలక, చేసే పని ఇదే. ఎనభై జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకు ఎనభై గ్రాములు తూగే) ఏ4 కాగితం మొత్తం బరువే 5 గ్రాములు, కాబట్టి ఆ రెండు మిల్లీమీటర్లు చాలు.

వంచేటప్పుడు గోరు తగలనివ్వకండి. గీత పడితే వెనక్కి తీసుకోవడం కష్టం. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య అంచును పెట్టి మెల్లగా చుట్టినట్టు జరపండి, రెండు రెక్కలకూ సమానంగా. విమానం పైకి లేచి ఒక్క క్షణం ఆగి, అక్కడి నుంచి కూలిందంటే వంపు ఎక్కువైందన్నమాట, సగం తగ్గించండి. ఎడమకు తిరిగిపోతుంటే కుడి రెక్క అంచును మరో వెంట్రుకవాసి పైకి లేపండి, కుడికి పోతుంటే ఎడమది. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. నేను రెండు మూడు కలిపి చేసి, ఏది పనిచేసిందో తెలియక మళ్లీ మొదటికి వచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి.

దీనికి ముందు విమానాన్ని ముక్కు వైపు నుంచి, ఒక కన్ను మూసి చూడండి. రెక్కలు పొట్ట నుంచి కాస్త పైకి లేచి వై అక్షరంలా కనిపించాలి. చేతిలో పొట్ట నొక్కి పట్టుకున్నప్పుడు బాగానే ఉంటాయి, వదలగానే పొట్ట విచ్చుకుని రెక్కలు వాలిపోతాయి. అందుకే నేను అవసరమనిపించిన దానికంటే కొంచెం ఎక్కువే లేపి పెడతాను. మడతలను మాత్రం గోటితో గట్టిగా రుద్దాల్సిందే, ఇందులో బద్ధకం పనికిరాదు.

ఇక విసరడం. పిల్లలు (పెద్దలు కూడా) రాయి విసిరినట్టు విసురుతారు. వెడల్పు రెక్కల విమానాన్ని పొట్ట కింద, ముక్కుకు కాస్త వెనకగా పట్టుకుని, నేలకు సమాంతరంగా ముందుకు తోసి వదలాలి. బాణంలా సన్నగా ఉండేవాటికే బలం కావాలి. విసరడం కూడా ఒక విద్యే: 2012లో జాన్ కాలిన్స్ రూపొందించిన విమానం 69.14 మీటర్లు వెళ్లి ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు, విసిరింది ఆయన కాదు, జో అయూబ్ అనే మాజీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు. ఆ రికార్డు 2022లో 88 మీటర్లు దాటింది. 1998లో 27.6 సెకన్లు గాలిలో నిలిపిన కెన్ బ్లాక్‌బర్న్ అయితే దాదాపు నిట్టనిలువుగా పైకి విసిరాడు. మీ గదిలో అది ప్రయత్నించకండి, పైకప్పుకు తగిలి ముక్కు నలుగుతుంది.

ముక్కు ఒకసారి నలిగితే సరిచేసినా మునుపటిలా ఎగరదు, కొత్త కాగితం తీసుకోవడమే నయం. ఇంకొకటి, ముందు ఫ్యాను ఆపండి. నా డజను కాగితాల్లో మొదటి రెండూ ఫ్యాను కింద కూలాయని ఆ సాయంత్రం వరకు నాకు తట్టలేదు.