సైరంధ్రీ వనం గురించి రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

స్థానికులు సైరంధ్రీ వనం అని పిలిచే కేరళ అడవి సైలెంట్ వ్యాలీ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అడవి మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది గానీ, ఆ అడవిని నిలబెట్టిన మనుషులు మాత్రం ఎక్కడా కనబడలేదమ్మా. "ప్రజలు తిరగబడ్డారు, ప్రభుత్వం దిగివచ్చింది" అన్న ఒక్క వాక్యంతో పదేళ్ల శ్రమను దాటేశావు.

పాలక్కాడ్ కొండల్లో ఆ అడవి గుండా పారే కుంతిపుళ నది మీద జలవిద్యుత్ ఆనకట్టకు 1973లో ప్రణాళికా సంఘం అనుమతి ఇచ్చింది. మొదటి దశలో 120 మెగావాట్ల కరెంటు, దిగువన పొలాలకు సాగునీరు వస్తాయన్నారు. చీకట్లో ఉన్న మలబారు (ఉత్తర కేరళ) పల్లెలకు ఆ మాట ఎంత తీపిగా వినిపించి ఉంటుందో ముందు నువ్వు నమ్మి రాయాలి. ఆనకట్ట కోరినవాళ్లను దుర్మార్గులుగా చిత్రించావు. అలా చిత్రిస్తే, ఇరుగుపొరుగు వాళ్లకే ఎదురు నిలబడి మాట్లాడిన కార్యకర్తల ధైర్యం పాఠకుడికి అర్థం కాదు. ఆనకట్టను వ్యతిరేకించడంలో ముందున్న కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తులోనే దీని మీద భేదాభిప్రాయాలు ఉండేవి.

ఆ పరిషత్తు 1962లో పుట్టింది. సైన్సును మలయాళంలో జనానికి చెప్పడమే దాని పని. అందులో ఉన్నవాళ్లు ఎక్కువగా అధ్యాపకులు, ఇంజనీర్లు. జీతం కోసం కాక, ఉద్యోగం చేసుకుంటూ మిగిలిన సమయంలో పనిచేసినవాళ్లు. వృక్షశాస్త్రం బోధించే ఎం.కె. ప్రసాద్ ఆ లోయ విలువను వ్యాసాలుగా రాశారు. 1979లో ఆయనతో పాటు ఇంజనీర్లు, ఆర్థికవేత్త, వ్యవసాయ నిపుణుడు కలిసి ఒక నివేదిక తెచ్చారు. అడవి అందంగా ఉంది కాబట్టి వదిలేయమని వాళ్లు అడగలేదు. మలబారుకు కరెంటు ఎలా అందించవచ్చో, ఈ ఆనకట్ట లేకుండా ఏ దారులున్నాయో లెక్కగట్టి చూపారు. నీ వ్యాసానికి గుండెకాయ అదే. కవయిత్రి సుగతకుమారి చెట్టును స్తుతిస్తూ రాసిన కవితను ఉద్యమ సభల్లో ప్రార్థనలా పాడేవారని రాశావు, మంచిదే. ఆ పాట పక్కనే ఈ లెక్కలనూ కూర్చోబెట్టు.

ఆనకట్ట కడితే మునిగేది 830 హెక్టార్లే, మొత్తం అడవిలో పదో వంతు కూడా కాదు గదా అన్న వాదనకు నువ్వు కోపంతో జవాబిచ్చావు. కోపం బదులు ఆ అడవిలోని సింహతోక కోతిని చూపించు. నల్లటి ఒళ్లు, ముఖం చుట్టూ బూడిదరంగు జూలు, చివర కుచ్చుతో సింహపు తోక ఉన్న ఆ కోతి చెట్ల మీదనే బతుకుతుంది, నేల మీదికి దిగడం తక్కువ. స్థానికులు వెడిప్లావు అనే చెట్టు కొమ్మలకే అంటుకుని ముళ్ల కాయలు కాస్తాయి, చిన్న పనసకాయల్లాగా. వాటిని చీల్చి గింజలు తింటుంది. నదికి రెండు వైపులా ఉన్న అడవి నీట మునిగితే కొమ్మ నుంచి కొమ్మకు దానికున్న దారి తెగిపోతుంది. ఈ నాలుగు వాక్యాలూ చదివినవాడికి పదో వంతు అంటే ఏమిటో తెలుస్తుంది.

ముగింపులో తేదీలు జాగ్రత్త. ప్రాజెక్టును పరిశీలించడానికి కేంద్రం వేసిన, శాస్త్రవేత్త ఎం.జి.కె. మేనన్ నడిపిన సంఘం పరిశీలన తర్వాత 1983లో ప్రాజెక్టును విరమించుకున్నారు. 1984లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. రాజీవ్ గాంధీ దాన్ని 1985 సెప్టెంబరులో ప్రారంభించారు. నువ్వు మూడింటినీ ఒకే ఏడాదిలో కలిపేశావు.

ముక్కాలి ఊరి నుంచి అడవి లోపలి సైరంధ్రికి జీపులో వెళ్లి, వంతెన దగ్గర నిలబడి నది చప్పుడు విన్నానని రాసిన పేజీని మాత్రం తీసేయకు. ఆనకట్ట కట్టాలనుకున్నది ఆ పరిసరాల్లోనే. వ్యాసాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టి, వెంటనే 1979 నివేదికలోకి వెళ్లి, రెండో ప్రతి నాకు పంపు.