అడిగి తెచ్చిన పాత్రలు

ప్రశ్న: మా వారు ఆటో నడిపేవారు. నాలుగు నెలల క్రితం కాలు విరిగి మంచాన పడ్డారు. నేను మిషను కుట్టి నెలకు ఆరేడు వేలు తెస్తున్నాను. మూడు గ్రూపు లోన్లకు కలిపి వారానికి 3,200 కట్టాలి. మూడోది తీసుకున్న సంగతి ఆయనకు తెలియదు. ప్రార్థనకు వచ్చిన ఒకరు, “నీకు విశ్వాసం చాలదు, అప్పు చేసైనా కానుక ఇవ్వు, దేవుడు ద్వారాలు తెరుస్తాడు” అన్నారు. చెవి దుద్దులు మాత్రమే మిగిలాయి. తాకట్టు పెట్టనా? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, దుద్దులు తాకట్టు పెట్టకండి. కానుక ఉన్నదాన్ని బట్టే ప్రీతికరమని, లేనిదాన్ని బట్టి కాదని బైబిలులో పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రిక 8వ అధ్యాయంలో చెప్పాడు. అప్పుల్లో ఉన్న ఇల్లాలిని మరో అప్పు చేయమన్నారని చదివి నాకు కోపం వచ్చింది, దాచుకోను. నిద్ర పట్టకపోవడాన్ని అవిశ్వాసం అనుకోకండి. ఏడు వేలు తెచ్చే చేతి మీదుగా నెలకు పన్నెండు వేలకు పైగా పోవాలంటే ఎవరికి నిద్ర పడుతుంది?

రాజుల రెండో గ్రంథం 4వ అధ్యాయంలో ఒక విధవరాలు ఉంది. భర్త దైవభక్తి గలవాడే, అయినా అప్పు మిగిల్చి పోయాడు. అప్పులవాడు ఆమె ఇద్దరు కొడుకులను బానిసలుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆమె మొరపెట్టుకుంటే ప్రవక్త ఎలీషా ఆమె విశ్వాసాన్ని కొలవలేదు, ఇంట్లో ఏముందని అడిగాడు. నూనె కుండ ఒక్కటే ఉంది. ఇరుగుపొరుగు వాళ్ల దగ్గర ఖాళీ పాత్రలు అడిగి తెచ్చుకో, తక్కువ తేవద్దు అన్నాడు. ఆ పాత్రలన్నీ నిండేదాకా కుండలో నూనె ఆగలేదు. అలా నూనె పొంగడం గురించి అందరూ ప్రసంగిస్తారు. నా మనసు మాత్రం అంతకు ముందు ఆమె ఎక్కి దిగిన గడపల దగ్గరే ఆగిపోతుంది. పరువు పోతుందని ఆమె ఇంట్లోనే కూర్చుని ఉంటే నూనె పోయడానికి పాత్రలేవి? చివరికి నూనె అమ్మి అప్పు తీర్చి, మిగిలినదానితో బతకమన్నాడు ప్రవక్త.

నేనూ కష్టాన్ని దాచినదాన్నే. 1996 నవంబరు తుపానుకు కోనసీమలో మా కొబ్బరి చెట్లు నేలకూలాయి. కొన్నాళ్లకు ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ఎవరికీ చెప్పకుండా, పొగ కనిపిస్తే చాలని పొయ్యి మీద ఉత్త ఎసరు పెట్టేదాన్ని. ఒకరోజు పాస్టరమ్మగారు వచ్చి గిన్నె మీద మూత తీశారు. ఏమీ అనలేదు. సాయంత్రానికి పిడికెడు బియ్యం డబ్బా మా ఇంటికి వచ్చింది. వంట చేసేటప్పుడల్లా సంఘంలోని ఆడవాళ్లం దేవుని పేరిట పిడికెడు తీసి పెట్టి తెచ్చి పోసే డబ్బా అది. అందులో సన్నబియ్యం, లావుబియ్యం, కోటా బియ్యం అన్నీ కలిసిపోయాయి. ఒకే ఎసట్లో కొన్ని మెత్తబడ్డాయి, కొన్ని పలుకుగా మిగిలాయి. పిల్లలు మారు అడిగి తిన్నారు. తుపానుకు ముందు నేను వేసిన పిడికిళ్లు కూడా ఆ అన్నంలో ఉండి ఉంటాయి. దేవుడు పోషించాడని సాక్ష్యం చెప్పమంటే నేను ఆ అన్నం గురించే చెబుతాను.

ఈ రాత్రే మీ వారికి మూడో అప్పు సంగతి చెప్పండి. బాధపడతారు, కోప్పడతారేమో కూడా. అయినా ఇద్దరూ మోయాల్సిన బరువిది. తర్వాత అప్పు ఇచ్చిన ఆఫీసులకు వెళ్లి గడువు పెంచి వాయిదా తగ్గించమని కాగితం మీద రాసి ఇవ్వండి. రిజర్వు బ్యాంకు 2022 నియమాల ప్రకారం కుటుంబానికి ఉన్న అప్పులన్నిటి నెల వాయిదాలూ కలిపి కుటుంబ నెల ఆదాయంలో సగం దాటేలా ఇలాంటి కొత్త అప్పు ఇవ్వకూడదు. నాలుగోది ఇస్తామని ఎవరొచ్చినా వద్దనండి. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోను చేయకూడదని కూడా ఆ నియమాల్లోనే ఉంది.

మీ సంఘంలో మీరు నమ్మే పెద్దామె ఎవరైనా ఉంటే ఈ వారమే వెళ్లి కలవండి. కష్టంలో ఉన్నామని పైపైన చెప్పి రాకండి. మూడు లోను పుస్తకాలూ సంచిలో పెట్టుకుని వెళ్లి, ఆమె ముందు తెరిచి, మొత్తం ఎంతో చెప్పండి.