సరుగుడు కొమ్మ, గాజు బంతులు

పెళ్ళయిన తర్వాత మీకు ఇది మొదటి క్రిస్మస్ అనీ, పుట్టింట్లో చేతికందిన ప్రతిదీ చెట్టుకు కట్టే అలవాటు ఉండగా అత్తవారింట్లో ఎరుపు, బంగారు రంగులు తప్ప మూడో రంగు కనబడకూడదంటున్నారనీ, ఈ రెండింటిలో ఏది సరైన పద్ధతో చెప్పమనీ అడిగారు. సరిగ్గా ఇదే ఇబ్బంది 1998 డిసెంబరులో నాకూ ఎదురైంది, అందుకే మీ ప్రశ్న చూసిన తర్వాత సమాధానం రాయకుండా ఉండలేకపోయాను.

మాది బాపట్ల దగ్గర ఒక పల్లెటూరు, తరాలుగా లూథరన్ సంఘానికి చెందిన క్రైస్తవ కుటుంబం. మా గుంటూరు ప్రాంతానికి 1842లో వచ్చిన మిషనరీ హేయర్ గారు అమెరికా సంఘం తరఫున వచ్చినా, ఆయన పుట్టింది జర్మనీలోని హెల్మ్‌స్టెట్‌లో. ఇంట్లో చెట్టు నిలబెట్టి అలంకరించే ఆచారం జర్మన్లది కాబట్టి, అది ఆ మిషనరీల వెంటే మా పల్లెల్లోకి వచ్చిందని నా గట్టి నమ్మకం. అయితే వాళ్ళ చెట్టు మా నేలలో మొలవదు. మా తీరం వెంబడి ఇసుక నేలల్లో ఉన్నవి సరుగుడు తోటలు, అందుచేత మాకు క్రిస్మస్ చెట్టు అంటే సరుగుడు తలకొమ్మ.

ప్రతి డిసెంబరు 23న నాన్న, బాబాయి సైకిలు మీద తోటకు వెళ్ళి, గుంజలకోసం చెట్లు కొట్టిన చోట మిగిలిన తలకొమ్మల్లో ఒకదాన్ని ఎంచి తెచ్చేవారు. ఖాళీ నూనె డబ్బాలో తడి ఇసుక దట్టించి, అందులో కొమ్మను నిలబెట్టి, డబ్బా చుట్టూ రంగు కాగితం అంటించేవారు. సరుగుడు ఆకు అని మనం అనుకునేది నిజానికి ఆకు కాదు, కణుపులు కణుపులుగా ఉన్న సన్నని పుల్ల. దాన్ని ఒక కణుపు దగ్గర ఊడదీసి, మళ్ళీ అక్కడే గుచ్చి, ఎక్కడ విరిగిందో చెప్పమని పిల్లలం ఒకరినొకరు పరీక్షించుకునేవాళ్ళం. ఆ ఆటలోనే సగం చెట్టు బోడిదైపోతోందని అమ్మ కేకలు వేసేది.

సరుగుడు కొమ్మ బరువు మోయలేదు. కాస్త బరువున్నది ఏది తగిలించినా కొస వాలిపోతుంది. మా ఇంటి అలంకరణ ఎలా ఉండాలో ఆ కొమ్మే నిర్ణయించిందని నేను అనుకుంటాను. పల్నాడు నుంచి అమ్మమ్మ పంపిన, గింజ తీయని పత్తిని పీచులు పీచులుగా విడదీసి మంచుగా పరిచేవాళ్ళం. అంతకు ముందు ఏడాది వచ్చిన గ్రీటింగు కార్డులకు మూలన చిల్లు పొడిచి దారంతో వేలాడదీసేవాళ్ళం. అన్నింటికన్నా ముఖ్యమైనవి అగ్గిపెట్టెలు. సిగరెట్టు పెట్టెల్లోని తగరపు కాగితాన్ని గోటితో నున్నగా సాపుచేసి, ఖాళీ అగ్గిపెట్టెకు మైదా జిగురుతో చుట్టి, ఎర్ర దారంతో కానుక పొట్లంలా కట్టేవాళ్ళం. పిల్లలం తలా ఒకటి చేయాలి. నాన్న ఆ పెట్టె లోపలి అరలో సిరాతో మా పేరు, ఆ సంవత్సరం రాసేవారు. పండుగ అయ్యాక కొమ్మ పొయ్యిలోకి పోయేది, అగ్గిపెట్టెలు మాత్రం బిస్కెట్ల డబ్బాలోకి చేరేవి.

పెళ్ళయి సికింద్రాబాద్ వెళ్ళినప్పుడు ఆ డబ్బాలో నుంచి నావి ఆరు అగ్గిపెట్టెలు తీసుకెళ్ళాను. మామయ్యగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. వాళ్ళ క్వార్టరులో అయిదడుగుల ప్లాస్టిక్ చెట్టు, దానికి ఎరుపు, బంగారు రంగుల గాజు బంతులు, పైన ఒక నక్షత్రం ఉండేవి, అంతకు మించి ఒక్క వస్తువు కూడా ఉండేది కాదు. బంతుల మధ్య దూరం కొలిచి పెట్టినట్టు ఉండేది. పెద్దవి కిందికి, చిన్నవి పైకి, వాటిని అత్తయ్యగారు తప్ప మరొకరు తాకడానికి వీల్లేదు. చిన్నప్పటి నుంచి ఆ ఇంట్లో పెరిగిన మావారు కూడా దూరంగా నిలబడి చూడవలసిందే. ఆ నిశ్శబ్దం నాకు చాలా కొత్తగా అనిపించింది. మా ఇంట్లో చెట్టు అలంకరించడమంటే పదిమంది చేతులు, పదిమంది గొంతులు.

ఆ రాత్రి అందరూ పడుకున్న తర్వాత నేను లేచి, నా ఆరు అగ్గిపెట్టెలనూ చెట్టు ముందు వైపు కొమ్మలకు కట్టాను. తెల్లారి చూసేసరికి అవి ఆరూ చెట్టు వెనక, గోడవైపు కొమ్మలకు వరుసగా ఉన్నాయి. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నన్ను ఎక్కువగా బాధించింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నది అతిథులకు కనబడకూడని వస్తువా అని మనసులో కుమిలిపోయాను.

ఆ మధ్యాహ్నం అరిసెలు వండుతున్నాము. అత్తయ్యగారు కాగే నూనెలోంచి తీసిన అరిసెలను నేను చెక్కల మధ్య పెట్టి నూనె వత్తుతున్నాను. నా కళ్ళు ఎర్రబడటం పొగవల్ల కాదని ఆవిడకు తెలిసింది. పొయ్యి తగ్గించి, చేతులు కడుక్కుని, మంచం కింద నుంచి ఒక పాత అట్టపెట్టె తీసుకొచ్చి నా ముందు పెట్టి, "అమ్మా, ఇది నా చెట్టు కాదు, పక్కింటి దొరసానమ్మ గారిది" అన్నారు.

ఆ క్వార్టర్ల వరుసలో అప్పట్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవట. పక్కింటి ఆవిడ 1972లో కుటుంబంతో సహా ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తన చెట్టునూ, ఇరవై నాలుగు గాజు బంతులనూ అత్తయ్యగారికి ఇచ్చి వెళ్ళింది. ఆవిడకు తెలుగు రాదు, అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు, ఇద్దరికీ వచ్చింది కాస్త హిందీ. అందుకని ఏ బంతి ఎక్కడ తగిలించాలో మాటల్లో చెప్పకుండా, పెట్టె మూత లోపలి వైపు పెన్సిలుతో బొమ్మ గీసి ఇచ్చింది. ఆ మూతను నేను ఇప్పటికీ కళ్ళు మూసుకుని చూడగలను. చెట్టు ఆకారంలో మూడు అంతస్తులు, వాటి మీద పెద్దవి, చిన్నవి సున్నాలు, చెట్టు తలమీద ఒకే గీతతో చేయి ఎత్తకుండా గీసిన నక్షత్రం. పగిలిపోయిన బంతులు ఉన్న చోట అత్తయ్యగారు సున్నా మధ్యలో అడ్డగీత పెట్టారు. అప్పటికి అడ్డగీతలు ఏడు.

ఆ పదిహేడు బంతుల్లో ఒకటి నా అరచేతిలో పెట్టారు. బరువే లేదు. మెడ దగ్గర చిన్న రేకు టోపీ, దానికి తీగ ఉంగరం, ఒకచోట ఎరుపు రంగు చెరిగి లోపలి వెండిపూత కనిపిస్తోంది. గాజును ఊది, లోపల వెండి రంగు పూసి ఇలాంటి బంతులు చేయడం జర్మనీలోని లౌషా అనే ఊరి పనివాళ్ళ విద్య అని చాలా కాలం తర్వాత చదివాను. మా పెట్టెమీద ఏ ఊరి పేరూ లేదు. నాకు అప్పుడు అర్థమైంది ఒక్కటే: నేను షోకు అనుకున్న ఆ కొలతల వరుస అత్తయ్యగారికి ఒక స్నేహితురాలి చేతిరాత లాంటిది. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ దాన్ని చెరగనివ్వకుండా కాపాడుకుంటూ వస్తున్నారు.

అప్పుడు నేను వెళ్ళి ఒక అగ్గిపెట్టె విప్పి తెచ్చి, లోపలి అరను బయటికి లాగి నాన్న రాసిన 1983 అనే అంకెనూ, దాని పక్కన నా పేరునూ ఆవిడకు చూపించాను. అత్తయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని ఆ అక్షరాలు రెండుసార్లు చదివారు. తర్వాత పెన్సిలు తీసుకుని, మూత మీది సున్నాల మధ్య ఆరు చిన్న చతురస్రాలు గీశారు. గాజు బంతులు అగ్గిపెట్టెలకన్నా కాస్త బరువు కాబట్టి కొమ్మ మొదట్లో ఉండాలి, అగ్గిపెట్టెలు తేలిక కాబట్టి కొసలకు కట్టవచ్చు, ఒకదానికొకటి అడ్డు రావు అని ఆవిడే తేల్చారు. ఆ సాయంత్రం ఇద్దరం కలిసి వాటిని ముందు వైపుకు మార్చాము.

అందువల్ల మీ అత్తగారు రెండు రంగులే ఉండాలని అన్నప్పుడు, ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో ముందు ఆవిడనే అడగండి. నాలాగా అందరూ నిద్రపోయాక కట్టకండి, పగటిపూట ఆవిడ పక్కన కూర్చుని, మీ వస్తువు ఒక్కొక్కటీ చేతికిచ్చి దాని సంగతి చెప్పండి. ఆ రంగుల వెనక ఒక మనిషి ఉంటే తప్పకుండా గౌరవించండి. దుకాణంలో చూసి నేర్చుకున్న నియమం అయితే మాత్రం దానికి తలవంచనక్కరలేదని నేను గట్టిగా చెబుతాను.

ఎందుకంటే ఒకటి రెండు రంగుల చెట్టే సంప్రదాయం అనే మాటను నేను ఒప్పుకోను. పాత జర్మన్ ఇళ్ళలో చెట్టుకు ఆపిల్ పళ్ళు, గింజలు, తీపి రొట్టె బిళ్ళలు, కాగితపు పూలు కట్టేవారు, అంటే ఇంట్లో ఉన్నవే కట్టేవారు. 1848లో లండన్ పత్రికలో విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ అచ్చయిన తర్వాతనే ఇంగ్లండులో ఆ ఆచారం ఇంటింటికీ పాకింది. ఆ బొమ్మలోని చెట్టు కూడా కొవ్వొత్తులతో, చిన్న చిన్న వస్తువులతో కిక్కిరిసి ఉంటుంది. ఇప్పుడు దుకాణాల్లో చెట్టు, బంతులు, రిబ్బన్లు అన్నీ ఒకే పెట్టెలో, ఒకే రంగులో అమ్ముతున్నారు. అది కొన్న ఇంట్లో పిల్లలు చేయవలసిన పని ఏమీ మిగలదు, నా బాధ అదే. మంచు పేరుతో చల్లే థర్మోకోల్ పూసలు ఊడ్చినా పోవు, గాలికి పక్కింటి గడప దాకా వెళతాయి. గుప్పెడు దూది ఇచ్చే అందం వాటికి రాదు.

దీపాల విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. ఎడిసన్ దగ్గర పనిచేసిన ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో ఎనభై చిన్న బల్బులతో చెట్టును వెలిగించాడు, విద్యుద్దీపాల చెట్టు అక్కడ మొదలైంది. మా చిన్నతనపు సీరియల్ సెట్టులో ఒక్క బల్బు పోతే మొత్తం దండ ఆరిపోయేది, ఆ పోయిన బల్బు ఏదో కనిపెట్టడానికి బాబాయి ఒక్కోదాన్నే తీసి పరీక్షిస్తూ క్రిస్మస్ ముందు రాత్రంతా కూర్చునేవాడు. ఆ బల్బులు వేడెక్కుతాయి కాబట్టి దూది వాటికి తగలకుండా నాన్న స్వయంగా చూసుకునేవారు. ఇప్పటి ఎల్ఈడీ దండలు అంతగా వేడెక్కవు. కానీ పాటలు పాడుతూ టపటపా ఆరి వెలిగే రకాన్ని మాత్రం ఇంట్లో పెట్టవద్దని నా మనవి, దాని ముందు ప్రార్థనకు కూర్చోవడం కష్టం.

అందరిళ్ళలోనూ చెట్టే ప్రధానం కాదన్న సంగతి కూడా మీరు గమనించే ఉంటారు. మా వీధిలోని కతోలిక కుటుంబానికి యేసు పుట్టుకను చూపే పశువుల పాక నమూనా ముఖ్యం, చెట్టు దాని పక్కన తోడుగా ఉంటుంది. 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో సెయింట్ ఫ్రాన్సిస్ ఆ పాకను తొలిసారి ఏర్పాటు చేశాడని వాళ్ళు భక్తితో చెబుతారు. ఇరవై నాలుగో తేదీ అర్ధరాత్రి ఆరాధన దాకా వాళ్ళ తొట్టి ఖాళీగానే ఉంటుంది, ఆ తర్వాతే బాలయేసును అందులో ఉంచుతారు. మరికొన్ని సంఘాలవారు బైబిల్లోని యిర్మీయా గ్రంథం 10వ అధ్యాయం చూపించి చెట్టే పెట్టరు. ఆ అధ్యాయం కొయ్యతో చెక్కిన విగ్రహాల గురించినదని నేను నమ్ముతాను, అయినా వాళ్ళ ఇంటికి వెళ్ళి వాదించను. వాళ్ళ గుమ్మం ముందు వెదురు బద్దల నక్షత్రం వెలుగుతుంటే అది చూసి సంతోషిస్తాను.

అత్తయ్యగారు ఇప్పుడు లేరు. ప్లాస్టిక్ చెట్టు రెండుసార్లు మారింది, బంతులు పదకొండు మిగిలాయి, మూత మీది చతురస్రాలు మాత్రం తొమ్మిదికి పెరిగాయి, చివరి మూడూ మా అమ్మాయి చేసినవి. ఆ అమ్మాయి ఇప్పుడు అమెరికాలోని మిషిగన్‌లో ఉంటోంది, ఈ ఏడాది తోట నుంచి నిజమైన ఫ్రేజర్ ఫర్ చెట్టు కోయించి తెచ్చుకుంది. మూత ఫొటో తీసి పంపమని నిన్న అడిగితే పంపించాను. సరుగుడులా కాకుండా దాని కొమ్మలు గట్టివి కాబట్టి బరువైనవి కూడా కొసల దాకా కట్టవచ్చనీ, చెట్టు మొదలు ఉన్న తొట్టిలో రోజూ నీళ్ళు చూసి పోయమనీ చెప్పాను. తన మూడు అగ్గిపెట్టెలను విడిగా పార్సెలు చేసి ఉంచాను, రేపు పోస్టాఫీసుకు వెళ్ళాలి.