గోల్ఫ్ ఆడేది ఒకరు, ఫీజు ఇంటికి

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. నాకు 62, వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నా. ఇల్లు అమ్మేసి ఫ్లోరిడాలో గోల్ఫ్ కమ్యూనిటీకి మారాలని ఉంది. నేపుల్స్‌లో గోల్ఫ్ క్లబ్ మెంబర్‌షిప్ కలిపి అమ్మే కాండో (ఫ్లాట్), 55 దాటినవాళ్ల కోసం కట్టిన ది విలేజెస్ అనే టౌన్‌షిప్‌లో కొత్త ఇల్లు చూశాం. ధర దాదాపు ఒకటే. నా భార్య గోల్ఫ్ ఆడదు. ఏది కొనమంటారు?

జవాబు: ధర సంగతి కాసేపు పక్కన పెట్టండి, అది ఒక్కసారి కట్టేది. మీ రిటైర్మెంట్ డబ్బును తినేది ఏటా కట్టేదే. నేపుల్స్ కాండోలో మెంబర్‌షిప్ ఇంటికే అంటుకుని ఉంటుంది కాబట్టి, రేపు మోకాళ్ల నొప్పులతో మీరు ఆట మానేసినా చందా ఆగదు. వదిలించుకోవాలంటే ఇల్లు అమ్మాలి, కొనేవాళ్లు కూడా ఆ చందాకు ఒప్పుకోవాలి. క్లబ్‌హౌస్ కప్పు మార్చినా స్పెషల్ అసెస్‌మెంట్ అంటూ ఆ ఖర్చును అందరి నెత్తినా వేస్తారు. 2022లో ఇయాన్ తుపాను దెబ్బ తిన్న తీరం అది. ఇళ్ల యజమానుల అసోసియేషన్ రిజర్వులో ఎంతుంది, బీమా డిడక్టబుల్ (నష్టంలో బీమా ఇవ్వని మొదటి భాగం) ఎంత అని అడగండి, గత మూడేళ్ల మీటింగ్ మినిట్స్ తెప్పించుకుని చదవండి. బ్రోచర్లో లేనివన్నీ అందులో ఉంటాయి.

విలేజెస్‌లో నెలకు సుమారు 200 డాలర్ల అమెనిటీ ఫీజులోనే చిన్న ఎగ్జిక్యూటివ్ కోర్సులు, మీ ఆవిడకు పనికొచ్చే స్విమ్మింగ్ పూల్స్ వచ్చేస్తాయి, పెద్ద కోర్సులకు మాత్రం విడిగా కట్టాలి. కానీ కొత్త ఇంటికి ‘బాండ్’ ఉంటుంది. రోడ్లూ డ్రైనేజీ కోసం చేసిన అప్పులో మీ వాటా అన్నమాట. వేల డాలర్లు, ఇంటి ధరలో కనిపించవు, ఏటా ప్రాపర్టీ టాక్స్ బిల్లుతో వస్తాయి. కొన్ని పాత ఇళ్లకు అది తీరిపోయి ఉంటుంది, నేనైతే అలాంటిదే వెతుకుతా. ఇంకోటి, 19 ఏళ్లలోపు పిల్లలు అక్కడ ఏడాదికి 30 రోజులకు మించి ఉండకూడదు, వేసవి సెలవులంతా మనవల్ని దగ్గర పెట్టుకుందామంటే కుదరదు.

‘ఫ్లోరిడాలో ఇన్‌కమ్ టాక్స్ లేదు’ అని ఎవరో చెప్పే ఉంటారు. టెక్సాస్‌లో మాత్రం ఉందా! అది న్యూజెర్సీ వాళ్లకు లాభం, మీకు కాదు. పైగా 65 దాటాక టెక్సాస్‌లో సొంతింటిపై స్కూళ్ల కోసం కట్టే ప్రాపర్టీ టాక్స్‌కు పరిమితి వస్తుంది, వెళ్లిపోతే అదీ పోతుంది.

నా మాట వింటే రెండూ ఇప్పుడే కొనకండి. డల్లాస్ ఇల్లు ఉంచుకుని విలేజెస్‌లో అద్దెకు దిగండి. అమ్మకానికి ముందు 5 ఏళ్లలో 2 ఏళ్లు డల్లాస్ ఇల్లు మీ సొంత నివాసమైతే, దంపతులకు 5 లక్షల డాలర్ల దాకా లాభంపై ఫెడరల్ టాక్స్ పడదు, ఓ ఏడాది ఆగినంత మాత్రాన ఆ మినహాయింపు పోదు. అద్దెకుండేది మాత్రం ఆగస్టులో కూడా ఉండండి, జనవరిలో ఫ్లోరిడా అందరికీ నచ్చుతుంది.