టెక్ సందేహాలు: ఓడ జాబితాల్లో ముత్తాతను వెతకడం ఎలా?

మా ముత్తాత అప్పలస్వామి విశాఖపట్నం వైపు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటల్లో పనికి వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఓడ జాబితాల ఎక్సెల్ ఫైళ్లు దించుకున్నాను. పూర్తి పేరు కొడితే ఏమీ రావట్లేదు, ‘అప్పల’ వరకే కొడితే కుప్పలుగా వస్తున్నాయి. (డర్బన్)

పేరుతో మొదలుపెట్టడంలోనే చిక్కుంది. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా ఒప్పందం మీద వచ్చిన 1,52,184 మందికీ వరుసగా కలోనియల్ నంబర్లు ఇచ్చారు. మగవాళ్లకే కాదు, ఆడవాళ్లకూ పిల్లలకూ విడివిడిగా ఇచ్చారు. ముందు ఆ నంబరు పట్టుకోండి. తాతగారి జనన ధ్రువపత్రం, వివాహ రిజిస్టరు, మరణ నోటీసు, ఆస్తి పంపకం ఫైలు, ఇలా అన్నింట్లోనూ వెతకండి. నాటాల్‌లో పుట్టిన పిల్లలు ఓడ జాబితాలో ఉండరు కాబట్టి వాళ్ల కాగితాల్లో తల్లిదండ్రుల నంబర్లే రాసేవారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వ ఆర్కైవ్స్ సూచిక ‘నార్స్’లో పీటర్‌మారిట్స్‌బర్గ్ విభాగాన్ని ఎంచుకుని కుటుంబంలో తెలిసిన పేర్లన్నీ ఒక్కొక్కటిగా కొట్టి చూడండి. అక్కడ కాగితం బొమ్మ రాదు, ఫైలు వివరం, రిఫరెన్సు మాత్రమే వస్తాయి. ఆ రిఫరెన్సును అక్షరం పొల్లుపోకుండా రాసుకుని ఆర్కైవ్స్‌కు పంపితేనే కాపీ దొరుకుతుంది.

నంబరు దొరక్కపోతే అప్పుడు పేరు. గుమాస్తా తన చెవికి వినిపించినట్టు రాసుకున్నాడు కాబట్టి అచ్చులను నమ్మొద్దు. ఎక్సెల్‌లో పేరు కాలమ్‌కు ఫిల్టర్ పెట్టి, టెక్స్ట్ ఫిల్టర్స్‌లో కస్టమ్ ఫిల్టర్ తెరిచి, ఈక్వల్స్ ఎంచుకుని మొదటి అక్షరం, ఆ తర్వాత హల్లులు మాత్రమే ఇవ్వండి. అక్షరానికీ అక్షరానికీ మధ్య, చివరనా నక్షత్రం గుర్తు పెట్టండి, ఖాళీ వదలొద్దు. మీ ముత్తాత పేరుకైతే ఏ*పీ*ఎల్*ఎస్*ఎమ్* అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. వెంకటస్వామికి వీ*ఎన్*ఎస్*ఎమ్* సరిపోతుంది. మధ్యలో కే రాసినా సీ రాసినా జీ రాసినా దొరుకుతుంది. లక్ష్మికి రెండుసార్లు వెతకాలి, ఒకసారి సీహెచ్‌తో, ఇంకోసారి కేతో. ఊళ్లో అప్పలస్వామిని అప్పడనో అప్పన్ననో పిలిచి ఉండొచ్చు, అవీ వదలకండి.

తెలుగు ఇంటిపేరు కోసం మాత్రం జాబితాలో వెతకొద్దు. సాధారణంగా అందులో పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, తాలూకా, జిల్లా ఉంటాయి, ఇంటిపేరు ఉండదు. ఇప్పుడు మీరు ఇంటిపేరుగా వాడుతున్నది అప్పట్లో ఎవరి సొంత పేరో, కులబిరుదో అయ్యుండొచ్చు.

జిల్లా కాలమ్ దగ్గర చాలామంది తప్పుదారి పడతారు. ఇప్పటి విజయనగరం, అనకాపల్లి జిల్లాలు అప్పటి విశాఖపట్నం జిల్లాలోవే. శ్రీకాకుళం పట్టణం మాత్రం 1936లో ఒరిస్సా ఏర్పడే దాకా గంజాం జిల్లాలో ఉండేది, పేరు చికాకోల్. చిత్తూరు జిల్లా పుట్టింది 1911లో కాబట్టి చంద్రగిరి, పలమనేరు తెలుగువాళ్లు ఉత్తర ఆర్కాటు కింద కనిపిస్తారు. ఆ జిల్లా పేరు చూసి తమిళులనుకుని దాటేయకండి.

సరిపోయే వరుస దొరికిందా? దాని పైనా కిందా ఇరవై వరుసలు చదవండి. ఒకే ఊరివాళ్లు, భార్య, తమ్ముడు పక్కపక్క నంబర్లలో ఉండటం మామూలే. ఒక్క పేరు కలిస్తే నేను నమ్మను. పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలవాలి, లేదా నంబరు కలవాలి.

అవే ఫైళ్లను తేదీల వారీగా సార్ట్ చేస్తే 1880 తర్వాత 1860 వస్తోంది. కొన్ని తేదీలు ఏకంగా 1960 అయిపోయాయి. ఫైలు పాడైందా? (హైదరాబాద్)

ఫైలు బాగానే ఉంది. ఎక్సెల్ క్యాలెండరు 1900 జనవరి 1న మొదలవుతుంది. అంతకు ముందు తేదీ ఏదైనా దానికి మామూలు అక్షరాలే, అందుకే రోజు అంకెను బట్టి వరుస పెడుతుంది. ఇక సంవత్సరం ‘60’ అని రెండంకెల్లో ఉంటే 1960 అనుకుని మార్చేస్తుంది. ఇలా మారిన ఫైలును సేవ్ చేస్తే అసలు తేదీ పోయినట్టే కాబట్టి మొదట ఒక కాపీ పక్కన పెట్టండి. సీఎస్‌వీ ఫైలైతే డబుల్ క్లిక్‌తో తెరవకుండా ఇంపోర్ట్ చేసి, తేదీ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోండి. తర్వాత సంవత్సరం, నెల, రోజు మూడు కాలమ్‌లుగా విడగొట్టి సార్ట్ చేయండి. ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్ కాల్క్ 1900కు ముందు తేదీలనూ తేదీలుగానే లెక్కిస్తుంది. ఈ పనికి అదే మేలు. వయసు తీసేసి పుట్టిన సంవత్సరం లెక్కగట్టేటప్పుడు అయిదేళ్లు అటూ ఇటూ వదలండి. 20, 25, 30 అని గుండ్రంగా రాసిన వయసులు అంచనాలే.

మాది ఫిజీ, మా బంధువులు మారిషస్‌లో, ఇంకొందరు రంగూన్‌లో ఉండేవారు. అన్నింటికీ ఒకే వెబ్‌సైట్ ఉందా? (సువా)

లేదు. ఫిజీకి 1879లో లియోనిడాస్ ఓడతో వలస మొదలైంది, 1916లో ఆగింది. మద్రాసు నుంచి మనుషులను పంపడం మాత్రం 1903లోనే మొదలైంది. మీ పెద్దలు మద్రాసు నుంచి 1890లో వచ్చారని ఇంట్లో అంటుంటే ఏడాదైనా తప్పయి ఉండాలి, రేవైనా తప్పయి ఉండాలి. సువాలోని జాతీయ ఆర్కైవ్స్‌లో ఎమిగ్రేషన్ పాస్ ఉంటుంది. దాని మీద ఊరు, ఠాణా, తండ్రి పేరు, దగ్గరి బంధువు, ఒంటిమీద గుర్తులు రాస్తారు. ఫోన్‌తో ఫొటో తీస్తే వెనుక వైపు కూడా తీయండి.

మారిషస్ రికార్డులు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడ మీ అంతట మీరు వెతుక్కునే వీలుండదు. మీ జనన ధ్రువపత్రం, తల్లిదండ్రులది, తాతలది, ఇలా తెగకుండా గొలుసు చూపిస్తే సిబ్బంది వెతికి ఇస్తారు. రంగూన్ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది మేస్త్రీల కింద మామూలు ప్రయాణికులుగా ఓడెక్కారు, కాబట్టి నాటాల్, ఫిజీల్లో ఉన్నట్టు మనిషికో పాస్ ఆశించొద్దు.

ఓడ జాబితాలో మా బొబ్బిలి దగ్గరి ఊరు పేరుంది. మీభూమిలో 1880 నాటి పొలం వివరాలు వస్తాయా? (బొబ్బిలి)

రావు. అందులో ఉండేవి ఇప్పటి అడంగల్, 1బీలే. మీ ప్రాంతంలో ఇంకో అడ్డంకి ఉంది. అది జమీందారీ నేల. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సర్వే, సెటిల్‌మెంట్‌తోనే అక్కడి రైతుల పేర్లు సర్కారు రిజిస్టర్లకు ఎక్కాయి. అందుకే తహశీల్దారు ఆఫీసులో 1880 పేరు అడిగితే లాభం లేదు. సెటిల్‌మెంట్ నాటి రిజిస్టరు అడిగి, ఓడెక్కిన మనిషి అన్నదమ్ముల మనవల పేర్లు అందులో వెతకాలి. గోదావరి డెల్టాలోని సర్కారు గ్రామాలైతే కథ వేరు, వాటికి డైగ్లాట్, ఆర్‌ఎస్‌ఆర్ లాంటి పాత భూమి రిజిస్టర్లు ఉంటాయి. మద్రాసు ప్రెసిడెన్సీ కాగితాలకు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో విచారించండి. ఆ కాలపు పల్లెటూరి జనన రిజిస్టరు కోసం మాత్రం తిరగొద్దు; మద్రాసు జనన మరణాల చట్టమే 1899లో వచ్చింది.

డీఎన్‌ఏ పరీక్షలో డర్బన్ మనిషి ఒకరు నాకు ‘రెండో కజిన్’ అని వచ్చారు. నిజమేనా? (కాకినాడ)

రెండో కజిన్ అంటే ముత్తాత ఒకరే అయినవాళ్లు. బంధుత్వం ఉండొచ్చు, అంత దగ్గరిది కాకపోవచ్చు. తరతరాల మేనరికాల వల్ల ఇద్దరిలోనూ ఒకేలా ఉండే చిన్న చిన్న డీఎన్‌ఏ ముక్కలు పోగై మొత్తం పెద్దదిగా కనిపిస్తుంది. మొత్తం సెంటీమోర్గాన్లు (డీఎన్‌ఏ ముక్కల పొడవు కొలత) చూడకుండా అన్నిటికన్నా పొడవైన ఒక్క ముక్క ఎంతుందో చూడండి. 7 సెంటీమోర్గాన్ల లోపు ముక్కలను లెక్కలోకి తీసుకోవద్దు. ఒకవేళ ఎవరూ కలవలేదంటే బంధుత్వం లేదని కూడా కాదు, అసలు నాలుగో కజిన్లలో సగం మంది దాకా పరీక్షలో కలవరు. పరీక్ష ఒక్కరికే చేయించగలిగితే ఇంట్లో పెద్ద వయసువాళ్లకు చేయించండి.

వంశవృక్షం జెడ్‌కామ్ ఫైలుగా పంపితే తెలుగు పేర్లన్నీ ప్రశ్నార్థకాలయ్యాయి. (గుంటూరు)

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను భద్రపరిచే పద్ధతి) తెలుగు పట్టని ఆన్సీ లేదా ఆన్సెల్‌గా ఉండిపోయింది. యూటీఎఫ్-8 ఎంచుకుని అసలు ప్రోగ్రామ్ నుంచి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. చెడిన ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి పై లైనులో ఎన్‌కోడింగ్ పేరు మార్చినంత మాత్రాన పోయిన అక్షరాలు తిరిగి రావు. ఉచిత ప్రోగ్రామ్ కావాలంటే గ్రాంప్స్ వాడొచ్చు, తెలుగు బాగానే పట్టుకుంటుంది. కలోనియల్ నంబరు ఉంటే పేరు పక్కన చేర్చకుండా విడిగా ఒక లక్షణంగా నమోదు చేయండి. పేరు గడిలో కలిపేస్తే ఇంకో ప్రోగ్రామ్‌లో తెరిచినప్పుడు అది పేరులో భాగమైపోతుంది.