ఫైర్ రిజిస్టర్‌లో సంతకం మా పాపది, జీతం మాత్రం పాతదే

దేవరకొండ దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం, కొంచెం కుదించి ఇస్తున్నా: "మా పాప పాలిటెక్నిక్‌లో ట్రిపుల్‌ఈ చేసింది. ఏడాది నుంచి నల్గొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మెయింటెనెన్స్‌లో పనిచేస్తోంది. రెండు నెలల కింద ఫైర్ సేఫ్టీ కూడా నువ్వే చూసుకో అన్నారు. రిజిస్టర్‌లో సంతకం తనది, జీతం మాత్రం పాతదే. హైదరాబాద్‌లో ఆరు నెలల ఫైర్ అండ్ సేఫ్టీ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అని ఒకాయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. వాళ్ల నాన్నేమో ఆడపిల్లకు ఈ మంటల పనేంది, ఈసెట్ రాయించి బీటెక్‌లో వేద్దాం అంటున్నాడు. పాప మాత్రం ఈ పని బాగుందంటోంది. ఏం చేయమంటారు?"

అక్కా, కోర్సు సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ సంతకం సంగతి తేల్చుకోవాలి. పాప ఆ రిజిస్టర్‌లో రోజూ చూసొచ్చి రాస్తోందా, లేక నెలాఖరున కూర్చొని ముప్పై గడుల్లో ఒకే పెన్నుతో "ఓకే, ఓకే" అని నింపుతోందా? తప్పు పట్టడానికి అడగడం లేదు, ఇంతకుముందు ఆ కుర్చీలో ఉన్నవాళ్లు ఆమెకు అలాగే నేర్పి ఉంటారు. కానీ రేపు ఏదైనా జరిగితే అందరికన్నా ముందు అడిగేది ఆ రిజిస్టరే. కోల్‌కతాలో ఆమ్రి ఆసుపత్రిలో 2011 డిసెంబర్ 9న తెల్లవారుజామున మంటలొచ్చి సుమారు 90 మంది పోయారు, వాళ్లలో చాలామందికి మంట తగలనే లేదు, బేస్‌మెంట్‌లో అంటుకున్న సామాను పొగ పైఅంతస్తులకెక్కి పడకల మీదే ఊపిరాడక పోయారు. ఆ కేసులో యాజమాన్యంలోని పెద్దవాళ్లే అరెస్టయ్యారు. పెద్దవాళ్లకే తప్పనప్పుడు, కింద సంతకం పెట్టిన పిల్లను పట్టించుకోరనుకుంటే పొరపాటే.

అందుకే పాపకు ఈ మాట చెప్పండి: చూసింది రాయాలి, చూడనిది రాయొద్దు. "మూడో అంతస్తు వెనక మెట్ల తలుపుకు తాళం ఉంది, ఉదయం పదింటికి మేనేజర్‌కు చెప్పాను" అని రాసి, అదే మాట మేనేజర్‌కు మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో పంపాలి. నోటితో చెప్పింది గాలికి పోతుంది. ఇంకోటి, ఫైర్ సేఫ్టీ బాధ్యత ఆమెదని కాగితం మీద ఇమ్మని అడగాలి. ఆ కాగితంలో బాధ్యతతో పాటు అధికారం కూడా ఉండాలి: తాళం తీయించే అధికారం, వార్డులో వెల్డింగ్ పని ఆపించే అధికారం, ఖర్చయితే ఎవరిని అడగాలన్న సంగతి. అధికారం ఇవ్వకుండా బాధ్యత ఒక్కటే ఇస్తే అది ఉద్యోగం కాదు, బలిపీఠం. జీతం మాట కూడా ఆ కాగితం అడిగినప్పుడే అడగాలి, విడిగా అడిగితే "చూద్దాంలే" అంటారు.

ఇక పాపకు ఈ పని ఎందుకు బాగుందనిపిస్తోందో నాకు అర్థమవుతోంది, ఎందుకంటే నాకూ ఈ విషయం మీద ఆసక్తి ఒక ఆసుపత్రిలోనే పుట్టింది. మా నాన్నను చేర్పించి నాలుగు రాత్రులు వార్డు బయట బెంచీ మీద పడుకున్నా. నిద్ర పట్టక నడుస్తూ కారిడార్ చివరిదాకా పోతే పచ్చ అక్షరాల ఎగ్జిట్ బోర్డు వెలుగుతోంది, దాని కింద తలుపుకు గొలుసు, గొలుసుకు తాళం. అద్దంలోంచి చూస్తే అవతలి మెట్ల మీద సెలైన్ డబ్బాల అట్టపెట్టెలు నడుమెత్తు పేర్చి ఉన్నాయి, చక్రం ఊడిన వీల్‌చైర్ ఒకటి. వార్డ్‌బాయ్‌ని తాళంచెవి ఎక్కడని అడిగితే "సూపర్‌వైజర్ సార్ కాడ ఉంటది, సార్ ఇంటికి పోయిండు" అన్నాడు. తాళం ఎందుకయ్యా అంటే పేషెంట్ల తాలూకు వాళ్లు ఆ దారిన వచ్చిపోతున్నారట, బిల్లు కట్టకుండా పోతారని భయమట. కింద రిసెప్షన్‌లో మాత్రం ఫైర్ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదనే కాగితం, ఫ్రేమ్ కట్టించి, దేవుడి పటం పక్కన పెట్టారు. ఆ కాగితం అబద్ధం కాకపోవచ్చు, అది ఇచ్చిన రోజు మెట్లు ఖాళీగానే ఉండి ఉంటాయి. ఎన్‌ఓసీ ఇచ్చిన రోజుకూ ఇవాళ్టికీ మధ్య తేడాను పట్టుకోవడమే మీ పాప చేస్తున్న ఉద్యోగం.

ఆసుపత్రిలో ఈ పని మిగతా చోట్ల కన్నా కష్టం, అందుకే విలువ కూడా ఎక్కువ. షాపింగ్ మాల్‌లో అలారం మోగితే అందరూ మెట్లు దిగి బయటికి పరిగెత్తుతారు. వెంటిలేటర్ మీదున్న మనిషి ఎటు పరిగెత్తాలి? అప్పుడే ఆపరేషనైన తల్లిని మూడంతస్తులు ఎవరు మోస్తారు? అందుకని ఆసుపత్రుల్లో ముందు కిందికి దించరు, అదే అంతస్తులో పొగ రాని పక్క భాగానికి మంచంతో సహా తోసుకెళ్తారు. నేషనల్ బిల్డింగ్ కోడ్ 2016లో నాలుగో భాగమంతా ఈ అగ్ని భద్రత గురించే. ఆసుపత్రి కారిడార్ 2.4 మీటర్లు, అంటే దాదాపు ఎనిమిది అడుగుల వెడల్పు ఉండాలని అది చెప్పేది ఇందుకే, అంతకన్నా ఇరుకైతే మంచాలు తోసుకుపోయేటప్పుడు ఎదురు వచ్చేవాళ్లకు దారి ఉండదు. ఆ రెండు భాగాల మధ్య ఉండే ఫైర్ డోర్ 120 నిమిషాలు మంటకు ఆగేలా చేస్తారు, దానంతటదే మూసుకునే ఏర్పాటుంటుంది. మనవాళ్లేం చేస్తారంటే, ట్రాలీ తోసినప్పుడల్లా అడ్డమొస్తోందని దాని కింద ఒక ఇటుకముక్క పెడతారు. అంత ఖరీదైన తలుపును ఒక ఇటుకముక్క గెలుస్తుంది! పాప రోజూ తిరిగేటప్పుడు వెతకాల్సింది ఆ ఇటుకనే.

ఆమె ఎలక్ట్రికల్ డిప్లొమా ఇక్కడే పనికొస్తుంది, ఆ ఆరు నెలల కోర్సువాళ్లకు లేనిది ఇదే. ఐసీయూ తీసుకోండి. ఏసీలు రాత్రింబవళ్లు ఆగకుండా నడుస్తాయి, ఒక్కో మంచం దగ్గర మానిటర్, పంపు, వెంటిలేటర్, మధ్యలో ఎవరో తగిలించిన ఎక్స్‌టెన్షన్ బాక్స్, దానికి ఫోన్ ఛార్జర్. గాలిలో ఆక్సిజన్ మామూలు కన్నా పెరిగితే బట్ట కూడా భగ్గున అంటుకుంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు. 2021 జనవరిలో మహారాష్ట్రలోని భండారా జిల్లా ఆసుపత్రిలో పది మంది పసికందులు పోయింది నవజాత శిశువుల ప్రత్యేక విభాగంలోనే. అలాంటి గదిలో ఎంసీబీ, అంటే కరెంటు లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్, మాటిమాటికీ పడిపోతోందని 16 ఆంపియర్లది తీసేసి 32ది పెట్టి, వైరు మాత్రం పాతదే ఉంచితే ఏమవుతుందో మీకు నేను వివరించడం కష్టం గానీ, మీ పాపను అడగండి, ఒక్క నిమిషంలో చెబుతుంది. పడిపోవాల్సింది పడదు, వైరు వేడెక్కి గోడలోపలే కాలుతుంది. ఫైర్ ఇన్‌స్పెక్షన్ అంటే ఎర్ర సిలిండర్లు లెక్కపెట్టడం అనుకునేవాళ్లకు ఈ ఎంసీబీ కనిపించదు.

సిలిండర్లు చూడొద్దని కాదు. 15 మీటర్లు నడిచేలోపు ఒకటి అందాలి, గేజ్‌లో ముల్లు పచ్చలో ఉండాలి, పిన్నుకు సీల్ ఉండాలి, ట్యాగ్ మీద తేదీ దాటకూడదు, పైపు పగలకూడదు, ముందు స్టూలో మొక్కల కుండీనో అడ్డం ఉండకూడదు. ఒక్కోదానికి రెండు నిమిషాలు. దాని తర్వాత మంటలార్పే నీళ్లను పైపుల్లోకి తోసే పంప్‌రూమ్‌కు పోవాలి, అక్కడే అసలు గుట్టు తెలుస్తుంది. ప్యానెల్ మీద స్విచ్ ఆటోలో ఉందా, మాన్యువల్‌లో ఉందా? లీకేజీ వల్ల పంపు ఊరికే ఆన్ అవుతోందని ఎవరో మాన్యువల్‌కు తిప్పి మర్చిపోతే, పైన సీలింగ్‌లో మంట వేడికి నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ పగిలినా పైపులో ఉన్న నీళ్లు కారి ఆగిపోతాయి. అలారం ప్యానెల్ కూడా అంతే, నైట్ డ్యూటీవాళ్లు మోత భరించలేక ఒక జోన్‌ను ఆపేసి ఉంటారు.

ఇంకొక్క ప్రశ్న పాపను అడగమనండి, ఆమె ఆసుపత్రిలో ఎంతమందికి జవాబు తెలుసో చూడాలి: మంట వస్తే వార్డుకు వెళ్లే ఆక్సిజన్ వాల్వ్ ఎవరు కట్టేయాలి? తొందరపడి కడితే ఆక్సిజన్ మీదున్న పేషెంట్ల సంగతేంటి, కట్టకపోతే మంట సంగతేంటి. ఇది ఎలక్ట్రీషియన్ తేల్చేది కాదు, వార్డు ఇన్‌చార్జ్ సిస్టర్, డాక్టర్, మెయింటెనెన్స్ ముగ్గురూ ముందే కూర్చొని రాసిపెట్టుకోవాల్సింది. మాక్‌డ్రిల్ అంటే గ్రౌండ్‌లో ట్రేలో డీజిల్ పోసి అంటించి, సిలిండర్‌తో ఆర్పి ఫొటో దిగడం కాదని వాళ్లకు అప్పుడు తెలుస్తుంది.

మీ ఆయన మాటకొద్దాం. ఆడపిల్లకు ఈ పనేంది అన్నారు కదా, నాగపూర్‌లో కేంద్ర హోంశాఖ కింద నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ ఉంది, అందులో 2002లో హర్షిణి కన్హేకర్ అనే అమ్మాయి చేరింది, అప్పటిదాకా ఆ కాలేజీలో చదివింది అందరూ మగపిల్లలే. ఆమె ఓఎన్‌జీసీలో ఫైర్ ఇంజినీర్ అయింది. పైగా మీ పాప చేసేది ఫైరింజన్ ఎక్కే పని కూడా కాదు, మంట రాకుండా చూసే పని. దీనికి కావాల్సింది చూసే కన్ను, అడిగే నోరు, అంతే. లేబర్ రూమ్‌లోకి, లేడీస్ వార్డులోకి అడ్డు లేకుండా పోయి చూడటం మగవాళ్ల కన్నా ఆమెకే సులువు, ఇది ఆయనకు చెప్పండి.

కానీ ఈసెట్ విషయంలో ఆయన మాట కొట్టేయొద్దు. డిప్లొమా మీద ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడులో నేరుగా చేరొచ్చు, మూడేళ్లలో ట్రిపుల్‌ఈ డిగ్రీ చేతికొస్తుంది. ఈ రంగంలో పైకి ఎదగాలంటే, అంటే ఆడిట్ రిపోర్టు మీద సంతకం పెట్టే స్థాయికి రావాలంటే, ఇంజినీరింగ్ డిగ్రీ చాలాచోట్ల అడుగుతారు. నా లెక్క ప్రకారం ఇంకో ఏడాది ఇక్కడే నేర్చుకొని, పక్కనే ఈసెట్‌కు చదివి, వచ్చే ఏడాది చేరడం మంచిది. ఇంట్లో డబ్బు ఇబ్బంది లేకపోతే ఇప్పుడే రాయించినా తప్పు లేదు. నాగపూర్ కాలేజీలో ఫైర్ ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది, కొచ్చిన్ యూనివర్సిటీలో సేఫ్టీ అండ్ ఫైర్ ఇంజినీరింగ్ బీటెక్ ఉంది, రెండూ మంచివే. కానీ డిప్లొమా అయి ఉద్యోగంలో ఉన్న పిల్లను వాటికోసం మళ్లీ మొదటి ఏడు నుంచి కూర్చోబెట్టడం నాకు సబబు అనిపించదు. ఇంటర్ చదువుతున్న తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లకు చెప్పండి.

ఆ ఫోన్ చేస్తున్నాయన దగ్గరికొస్తే, మూడు ప్రశ్నలు అడగండి. సర్టిఫికెట్ ఎవరు ఇస్తారు, ఏ బోర్డు? పోయిన బ్యాచ్‌లో ఉద్యోగాలొచ్చిన వాళ్లలో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇస్తారా? పంప్‌రూమ్‌లో చేతులు పెట్టి పని నేర్పే చోటు ఉందా, లేక పీపీటీలేనా? రెండో ప్రశ్నకే ఫోన్ పెట్టేస్తాడని నా అనుమానం. గ్యారంటీ ఉద్యోగం అంటే చాలాసార్లు ఏదో గేటు దగ్గర సెక్యూరిటీ యూనిఫాం వేసుకొని నిలబడే ఉద్యోగం. అప్పు చేసి మాత్రం కట్టొద్దక్కా.

ఫైర్ డిపార్ట్‌మెంట్‌లో ప్రభుత్వ ఉద్యోగం వేరే దారి. ఫైర్‌మన్, స్టేషన్ ఫైర్ ఆఫీసర్ పోస్టులు పోలీస్ రిక్రూట్‌మెంట్ బోర్డు ద్వారా పడతాయి, దేహదారుఢ్య పరీక్షలుంటాయి. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతలు చదువుకుందాం, దానికోసం ఇప్పుడు చేస్తున్న పని వదలొద్దు.

పని ఎక్కడ దొరుకుతుందన్న బెంగ పెట్టుకోకండి. నల్గొండలో, సూర్యాపేటలో, మహబూబ్‌నగర్‌లో మెడికల్ కాలేజీ ఆసుపత్రులొచ్చాయి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఎన్‌ఏబీహెచ్, అంటే ఆసుపత్రుల నాణ్యతను చూసి గుర్తింపునిచ్చే బోర్డు, దాని గుర్తింపు కావాలనుకునే ప్రైవేటు ఆసుపత్రి ఏదైనా ఫైర్ రికార్డులు, మాక్‌డ్రిల్ రికార్డులు చూపించాల్సిందే, అవి రాయడం వచ్చిన మనిషి వాళ్లకు కావాలి. ఆసుపత్రి విసుగొస్తే జడ్చర్ల దగ్గర పోలేపల్లి, ఇటు చౌటుప్పల్ వైపు ఫార్మా కంపెనీలున్నాయి. అక్కడ ద్రావకాలు, అంటే తేలిగ్గా అంటుకునే రసాయన ద్రవాలుంటాయి, ప్రమాదం వేరే రకం, నేర్చుకోవాల్సింది ఇంకా ఉంటుంది. మొదట్లో జీతం తక్కువే, ఆ మాట దాచను. మూడు నాలుగేళ్లు పని చేసి, నాలుగు ఇన్‌స్పెక్షన్లు ముందుండి చేయించిన తర్వాత బేరం ఆడే స్థితి వస్తుంది.

ఇప్పటికి పాప చేయాల్సినవి చిన్న పనులే. అయిదు మీటర్ల టేపు ఒకటి కొనుక్కొని తన ఆసుపత్రిలో కారిడార్లు, మెట్లు, తలుపులు కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోమనండి, తలుపు బయటికి తెరుచుకుంటుందా లోపలికా అన్నది కూడా. బిల్డింగ్ కోడ్ నాలుగో భాగం ఇంగ్లిష్‌లో ఉంటుంది, రోజుకు రెండు పేజీలు చాలు, తన ఆసుపత్రిని ముందు పెట్టుకొని చదివితే బుర్రకెక్కుతుంది. ఫైర్ ఆఫీసర్ తనిఖీకి వచ్చినప్పుడు టీ ఇచ్చి పంపేయకుండా ఆయన వెనకాలే తిరిగి, ఎక్కడ ఆగాడో, పైకి ఎందుకు చూశాడో అడగమనండి. అడిగితే చెబుతారు, అడిగేవాళ్లు తక్కువ కాబట్టి ఇంకా సంతోషంగా చెబుతారు.

మేనేజర్‌కు రాసే మెయిల్ మాత్రం ఈ వారమే పోవాలి. కోపంగా కాదు, మర్యాదగా, నాలుగు వాక్యాల్లో. రాశాక పంపేముందు ఒకసారి నాకు చూపించమనండి, "బాధ్యత" అన్నచోట "అధికారం" కూడా పడిందో లేదో చూసి చెబుతా.