ఆల్ వీల్ డ్రైవ్ బండితో జనవరిలో అనంతపురం నుంచి గుల్‌మార్గ్: ఏ టైర్లు వేయాలి, ఇంకేమేం బిగించాలి?

మీరు అడిగింది ఇది: ఏడు సీట్ల ఎక్స్‌యూవీ700 ఆల్ వీల్ డ్రైవ్ డీజిల్ బండి ఉంది, సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ అనంతపురం నుంచి రోడ్డు మీదే కాశ్మీరు పోతారు, మంచుకు టైర్లు మార్చాలా, బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్, లైట్ బార్ లాంటివి కావాలా అని. చుట్టాలంతా "ఆల్ వీల్ డ్రైవ్ ఉంది కదా, దానికేం దిగులు" అంటున్నారని కూడా రాశారు.

ముందు ఆ చుట్టాల మాట సంగతి తేలుద్దాం. ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకూ పోవడం. అది బండిని కదిలిస్తుంది, ఎక్కిస్తుంది. ఆపదు. ఆపేది బ్రేకు, ఆ బ్రేకుకు ఆసరా టైరు. బ్రేకులు ఏ బండికైనా నాలుగు చక్రాలకూ ఉండేవే కాబట్టి, ఆపడంలో పక్కింటాయన ఆల్టో కంటే ఆల్ వీల్ డ్రైవ్ వల్ల మీ బండికి ఒరిగేదేమీ లేదు. పైగా ఏడుగురు మనుషులు, సామాన్లు కలిసి ముందుకు తోస్తాయి.

తంగ్‌మార్గ్ నుంచి గుల్‌మార్గ్‌కు 13 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. మంచు పడిన మరుసటి రోజు అక్కడ జరిగే తంతు ఎప్పుడూ ఒకటే. పొద్దున కింది రాష్ట్రాల నుంచి వచ్చిన పెద్ద బండి, చక్రాలకు మంచు గొలుసులు కట్టకుండానే, గొలుసులతో గలగలమంటూ నత్తనడక నడిచే టాటా సుమోలను దాటుకుంటూ పైకి పోతుంది. లోపల కూర్చున్నోళ్లకు ఎక్కడలేని ధైర్యం. మధ్యాహ్నం ఎండకు రోడ్డు మీది మంచు రొంత కరుగుతుంది, పొద్దు వాలగానే ఆ నీళ్లు గాజుపలకలా గడ్డకడతాయి. అప్పుడు అదే బండి దిగుతుంది. మలుపు దగ్గర డ్రైవరు బ్రేకు తొక్కుతాడు, పెడలు కింద, చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కటకటమని కొట్టుకుంటుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పినా బానెట్ మాత్రం నేరుగా పోతూనే ఉంటుంది. పక్కన పోగేసిన మంచుగట్టుకు తగిలి ఆగితే అదృష్టం. పొద్దున వెనకబడ్డ సుమో రెండో గేరులో, బ్రేకు ముట్టకుండా, గొలుసులు మోగించుకుంటూ పక్కనుంచే దిగిపోతుంది. ఇంకో విషయం, మంచుగడ్డ మైనస్ 15 దగ్గర కంటే సున్నా దగ్గరే ఎక్కువ జారుతుంది, పైన సన్నటి నీటిపొర ఉంటుంది కాబట్టి. "ఈరోజు పెద్ద చలి లేదులే" అనుకునే సాయంత్రమే ఎక్కువ ప్రమాదం.

ఇక టైర్లు. మన దగ్గర అమ్మే మామూలు హైవే టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల కిందికి పోయేకొద్దీ బిరుసెక్కుతుంది. అసలైన వింటర్ టైరు రబ్బరు ఆ చలిలోనూ మెత్తగానే ఉంటుంది, బటన్ల మీద, అంటే గాడుల మధ్య రబ్బరు దిమ్మల మీద, వందల సన్నటి కోతలుంటాయి, ఆ కోతల్లో మంచు ఇరుక్కుని, మంచును మంచే పట్టుకుంటుంది. సైడ్‌వాల్ మీద చూడాల్సిన గుర్తు మూడు శిఖరాల కొండ, దాని లోపల ఒక మంచు రేకు. ఆ బొమ్మ ఉంటేనే మంచులో పరీక్షించి నెగ్గిన టైరు. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు అని అర్థం) అన్న అక్షరాలకు అంత విలువ లేదు, అది గాడుల తీరును బట్టి కంపెనీవాళ్లే వేసుకునే ముద్ర.

అయితే అమెరికాలోనో కెనడాలోనో ఉండేవాళ్లు చెప్పే "కళ్లు మూసుకుని వింటర్ టైర్లు వేసేయ్" అన్న సలహా మీకు పనికిరాదు. మన ఊరి బైపాసు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే శ్రీనగర్ దాకా పోతుంది. ఆ రెండున్నర వేల పైచిలుకు కిలోమీటర్లలో మంచు తగిలేది ఆఖరి కొసరు మాత్రమే. 2017లో చెనాని-నాశ్రీ సొరంగం వచ్చి పట్నీటాప్ ఎక్కే పని తప్పించింది, 2021లో బనిహాల్-కాజీగుండ్ సొరంగం వచ్చి పాత జవహర్ సొరంగం దాకా ఎక్కే పనీ తప్పించింది. మెత్తటి వింటర్ టైర్లతో కర్నూలు, హైదరాబాద్, నాగపూర్ మధ్యాహ్నపు ఎండలో నూరు మీద పోతే, ఆ రబ్బరు పెన్సిల్ రబ్బరులా అరిగిపోతుంది, తడి రోడ్డు మీద బ్రేకు దూరం కూడా పెరుగుతుంది. పైగా దొరకనూ దొరకవు. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశారు, అనంతపురం షాపులో ఆ కొండబొమ్మ టైరు కావాలంటే మీ మొహం వింతగా చూస్తారు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. ఇప్పుడున్న నాలుగు టైర్ల గాడి లోతు కొలవండి. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు, మంచుకు మాత్రం అది చాలదు. 5 మి.మీ.కు పైన ఉండి, తయారై నాలుగేళ్లు దాటకపోతే అవే ఉంచి, డబ్బు గొలుసుల మీద పెట్టండి. 4 మి.మీ. కిందికి దిగితే నాలుగూ మార్చండి. మార్చేటప్పుడు ఆల్ టెర్రెయిన్ (రోడ్డుకూ కచ్చా దారికీ పనికొచ్చే) రకంలో కొండబొమ్మ ఉన్నది అడగండి. యోకోహామా జియోలాండర్ ఏ/టీ జీ015 మీద కొన్ని సైజుల్లో ఆ బొమ్మ ఉంటుంది, చేతికొచ్చిన టైరు మీద కళ్లారా చూసి కొనండి. హైవే మీద రొంత హోరు, మైలేజీలో రొంత కోత తప్పవు. 18 అంగుళాల రిమ్ముకు 235/60 ఆర్18 సైజే వేయించండి. "ఒక సైజు లావు వేద్దాం సార్, గ్రిప్పు పెరుగుతుంది" అంటే ఒప్పుకోవద్దు. వదులు మంచులో, బురదమంచులో లావు టైరు పైన తేలుతుంది, సన్నది కోసుకుని కిందికి దిగి నేలను పట్టుకుంటుంది. లోడ్ ఇండెక్స్ పాత టైరు మీదున్న అంకె కంటే తగ్గకూడదు. 107 అంటే ఒక్కో టైరు 975 కిలోలు మోస్తుంది, 100 అంటే 800 కిలోలే. తయారీ తేదీ నాలుగంకెలుగా ఉంటుంది, 3524 అంటే 2024లో 35వ వారం.

టైర్ల షాపుల మీద నాకొక పాత కోపం ఉంది, ఇక్కడే చెప్పేస్తాను. "రెండే మార్చుకోండి సార్, వెనకవి బాగానే ఉన్నాయి కదా" అనడం. మామూలు కారుకు అది చెల్లుతుంది. ఆల్ వీల్ డ్రైవ్‌లో ముందు వెనక టైర్ల మధ్య గాడి లోతు తేడా ఒకటిన్నర మి.మీ. దాటితే, చుట్టుకొలత తేడా వల్ల ముందు చక్రాలొక వేగం, వెనక చక్రాలొక వేగం తిరుగుతాయి. వెనక చక్రాలకు బలం పంపే మధ్యలోని కప్లింగ్ "చక్రం జారుతోంది" అనుకుని రోజంతా పట్టు బిగిస్తూ వేడెక్కుతుంది. అది పోతే అయ్యే ఖర్చుతో రెండు సెట్ల టైర్లు కొనొచ్చు. స్టెప్నీ సైజు కూడా చూసుకోండి, మిగతా నాలుగింటి కంటే చిన్నదైతే దానితో పంచరు షాపు దాకా పోవాలే గానీ గుల్‌మార్గ్ ఎక్కకూడదు.

గాలి లెక్క చాలామందికి తెలియదు. అనంతపురంలో 30 డిగ్రీల మధ్యాహ్నం 33 పౌండ్లు కొట్టించి బయల్దేరారనుకోండి. మైనస్ 5లో చలి ఒక్కటే ఐదారు పౌండ్లు తగ్గిస్తుంది. 2,650 మీటర్ల ఎత్తులో ఉన్న గుల్‌మార్గ్‌లో బయటి గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి మీటరు మీద మూడు పౌండ్ల దాకా తిరిగి పెరుగుతుంది. మొత్తం మీద రెండు మూడు పౌండ్లు తగ్గినట్టు. శ్రీనగర్‌లో పొద్దున, బండి కదలకముందే, డ్రైవరు డోరు దగ్గర స్టిక్కరు మీదున్న అంకెకు సరిచేయండి. మంచులో 18 పౌండ్లకు దించాలని కొందరు ఎచ్చులకు చెబుతారు. అది ఇసుకకు, లోతు మంచుకు. గట్టిపడ్డ మంచురోడ్డు మీద గాలి దించితే టైరు అంచులు నలిగి మలుపులో బండి ఊగుతుంది. నైట్రోజన్ కొట్టించినా ఇదే లెక్క, మామూలు గాలిలోనూ 78 శాతం నైట్రోజనే.

ఇప్పుడు అసలు వస్తువు, గొలుసులు. గట్టిగా మంచు పడిన రోజు తంగ్‌మార్గ్ దగ్గర పోలీసులు గొలుసులు లేని మామూలు బండ్లను ఆపేస్తారు, ఫోర్ బై ఫోర్‌ను వదులుతారు. మిమ్మల్ని వదిలారు కదా అని గొలుసులు డిక్కీలో పెట్టుకుని పైకి పోవద్దు. అద్దెకు ఇచ్చి కట్టేవాళ్లు అక్కడుంటారు గానీ, వాళ్ల దగ్గరున్నవి ఎక్కువగా సుమో టైర్లకు సరిపోయేవి. డబ్బా మీద మీ టైరు సైజు అచ్చుగా ఉన్న డైమండ్ అల్లిక గొలుసు, 9 మి.మీ. మందంది, ముందే కొనుక్కోండి. 12, 16 మి.మీ. గొలుసులు బలమైనవే, కానీ ముందు చక్రానికీ లోపలి షాకబ్జార్బరుకూ మధ్య సందు తక్కువ ఉన్న బండిలో తగులుతాయి. ఒక జతే ఉంటే ఏ చక్రాలకు కట్టాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, అదే ప్రమాణం. ముందు నుంచే ఎక్కువ లాగే బండ్లకు సాధారణంగా ముందుకే. వెనక నుంచి లాగే టెంపో ట్రావెలర్ లాంటివాటికి వెనక్కు. నాలుగింటికీ కట్టగలిగితే దిగేటప్పుడు తోక ఊగదు.

కట్టడం ఇంటి దగ్గరే, ఎండలోనే, రెండుసార్లు అలవాటు చేసుకోండి. గొలుసును నేల మీద పరిచి మెలికలు విప్పాలి. లోపలి వైపు వంగే స్టీలు కేబుల్ ఉంటుంది, దాన్ని టైరు వెనక నుంచి తోసి రెండు కొసలూ పైకి లాగి, టైరు నెత్తిన కలిపి తగిలించి, ఆ జాయింటును వెనక్కు నెట్టేయాలి. తర్వాత బయటి వైపు రంగు కొక్కెం పెట్టి, కింద వేలాడే గొలుసును బిగింపు బిళ్లలోంచి లాగి, మిగిలిన కొసను అల్లికకే తగిలించాలి. స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని చూడాలి. వంద మీటర్లలోపు మెల్లగా నడిపి, ఆపి, మళ్లీ బిగించాలి. చాలామంది ఎగ్గొట్టేది ఈ రెండో బిగింపే. వదులు గొలుసు చక్రం తిరిగిన ప్రతిసారీ ఎగిరి ఏబీఎస్ సెన్సరు వైరునూ బ్రేకు గొట్టాన్నీ కొడుతుంది. వేగం 40 దాటొద్దు. నల్లటి తారు తేలగానే విప్పేయండి, పొడి రోడ్డు మీద లంకె తెగితే ఫెండరు చీలుతుంది. ఉన్ని గ్లౌజులు తడిసి వేళ్లు మొద్దుబారతాయి, రబ్బరు పూసినవి తీసుకోండి. మోకాళ్ల కింద వేసుకోవడానికి ఖాళీ యూరియా సంచి ఒకటి చుట్టి డిక్కీలో పడేయండి, నీళ్లు దిగవు. ఆన్‌లైన్‌లో అమ్మే ప్లాస్టిక్ పట్టీలు మాత్రం వద్దు, అవి చలికి పెళుసెక్కి తెగుతాయి.

మిగతా హంగుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లిఫ్ట్ కిట్ వద్దు, బరువు పైకి లేచి మలుపులో బండి ఒరుగుతుంది, యాక్సిల్ కోణం మారి జాయింట్లు త్వరగా పోతాయి. తెల్ల లైట్ బార్ వెలుగు కురిసే మంచుకు తగిలి మీ కళ్లలోకే కొడుతుంది, కిందుండే పసుపు ఫాగ్ ల్యాంపులు మేలు. ముందు బంపరుకు బిగించే ఇనుప కమ్మీ, బుల్ బార్, 2017 డిసెంబరులోనే కేంద్రం వద్దంది. పైన క్యారియరు కట్టి సగం ఇల్లు ఎక్కించడం మనోళ్ల అలవాటు, ఈ ఒక్క ప్రయాణానికి మానుకోండి. బ్యాటరీ మాత్రం పరీక్ష చేయించండి. దాన్ని సగం చంపేది మన ఎండ, చలి ఆ చావును బయటపెడుతుందంతే. మూడేళ్లు దాటితే మార్చడమే. రేడియేటరులో బోరునీళ్లు పోసి సరిపెట్టిన బండైతే మొత్తం దించి, కూలెంటు, డిస్టిల్డ్ వాటరు సగం సగం కలిపి పోయించండి. ఆ పాళ్లలో మైనస్ 35 దాకా గడ్డకట్టదు. వైపరు నీళ్లూ ఖాళీ చేసి, గడ్డకట్టని ద్రవం పోయండి.

డీజిల్ మీద మాత్రం శ్రద్ధ పెట్టాలి. మన దేశపు ప్రమాణంలో మామూలు డీజిల్ ఫిల్టరులో అడ్డుపడకుండా పారాల్సిన హద్దు చలికాలానికి 6 డిగ్రీలు, ఎండాకాలానికి 18. చలికి డీజిల్‌లోని మైనం పేరుకుని ఫిల్టరు మూసుకుపోతుంది, బండి స్టార్టయి నిమిషంలో ఆగిపోతుంది. లడఖ్ కోసం మైనస్ 33 దాకా పారే డీజిల్‌ను ఇండియన్ ఆయిల్ 2019లో విడిగా తెచ్చింది కూడా అందుకే. దక్కను డీజిల్ పైదాకా మోసుకుపోకుండా, జమ్మూ దాటేసరికి ట్యాంకు అడుగంటేలా చూసుకుని, అక్కడి బండ్లు కొట్టించుకునే బంకుల్లోనే నింపండి. ఫిల్టరు ముందే కొత్తది వేయించి, అందులో చేరిన నీళ్లు దించండి. పాత లారీ డ్రైవర్ల చిట్కా అని కిరసనాయిలు కలపొద్దు, బీఎస్6 ఇంజెక్టర్లు, పంపు దానికి తట్టుకోవు. పొగను శుభ్రం చేయడానికి విడి ట్యాంకులో పోసే యాడ్‌బ్లూ ద్రవం వాడే బండైతే అది మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది, ట్యాంకులో హీటరు ఉంటుంది కాబట్టి కంగారు పడక్కర్లేదు, విడి డబ్బా మాత్రం గదిలో పెట్టుకోండి.

దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు, ముందు బండికి మామూలు కంటే నాలుగింతల దూరం. జమ్మూ నుంచి శ్రీనగర్ మధ్య ఏ రోజు ఏ వైపు బండ్లు వదులుతారో ట్రాఫిక్ పోలీసులు ముందు రోజే చెబుతారు, అది చూడకుండా పొద్దున్నే బయల్దేరితే రాంబన్ దగ్గర లారీల వెనక రాత్రి గడపాలి. రాత్రి పార్కింగులో గేరు పీలో పెట్టి, చక్రాల కింద రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేకు వదిలేయండి, తడి ప్యాడ్లు పట్టేసుకుంటే పొద్దున చక్రం కదలదు. వైపర్లు పైకెత్తి పెట్టండి. పొద్దున అద్దం మీది మంచు మీద హోటలువాళ్లిచ్చిన వేడినీళ్లు పోయకండి, ఫట్‌మని పగులుతుంది. ఇంజను పది నిమిషాలు ఆన్‌లో ఉంచి, గడువైపోయిన ఏటీఎం కార్డుతో గీకితే పొరలు పొరలుగా ఊడొస్తుంది.